పరిణామమా, దేవుడి సృష్టా? మళ్ళీ మళ్ళీ అడిగే డౌట్లకి సమాధానాలు

ఇంటర్ బైపీసీ పిల్లలకి జువాలజీ చెప్తుంటాను. పరిణామం చాప్టర్ మొదలుపెట్టగానే ప్రతి బ్యాచ్‌లోనూ దాదాపు అవే ప్రశ్నలు వస్తాయి, పిల్లలు ఇంటికెళ్ళి చెప్తే అమ్మానాన్నల నుంచి వస్తాయి, చర్చి యూత్ గ్రూపుల నుంచి వస్తాయి, ఫ్యామిలీ వాట్సాప్‌లో ఎవరో ఒక వీడియో పెడితే అక్కడా వస్తాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఏ ప్రశ్న కావాలంటే అదొక్కటే చదువుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. జీవులు పరిణామం చెందాయి, దానికి ఆధారాలు చాలా గట్టిగా ఉన్నాయి. దేవుడున్నాడా లేడా అన్నది మాత్రం బయాలజీ తేల్చే విషయం కాదు. ఈ రెండూ కలిపేసి పిల్లల్ని ఇబ్బంది పెట్టడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

## మొదట్లో అందరూ అడిగేవి

మనం కోతుల నుంచి పుట్టామా? అలా అయితే కోతులు ఇంకా ఎందుకున్నాయి?

గుళ్ళ దగ్గర కొబ్బరి చిప్పలు లాక్కునే కోతుల నుంచి మనం రాలేదు, ఏ బయాలజీ పుస్తకమూ అలా చెప్పదు. మనకీ చింపాంజీలకీ ఒక ఉమ్మడి పూర్వీకుడు ఉండేవాడు, సుమారు 60, 70 లక్షల ఏళ్ళ కిందట, ఆఫ్రికాలో. ఆ జీవి చింపాంజీ కాదు, మనిషీ కాదు. అక్కడి నుంచి ఒక శాఖ ఇటు, ఒక శాఖ అటు వెళ్ళాయి. మీరూ మీ పెదనాన్న పిల్లలూ ఒకే తాత మనవలు, మీరు పుట్టారు కాబట్టి వాళ్ళు ఉండకూడదని ఎవరూ అనరు కదా, ఇదీ అంతే. మన ఊళ్ళల్లో తిరిగే కోతులతో చుట్టరికం ఇంకా దూరం, రెండున్నర మూడు కోట్ల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

పరిణామం అంటే సింపుల్‌గా ఏంటి?

పిల్లలు అచ్చు గుద్దినట్టు తల్లిదండ్రుల్లా ఉండరు, చిన్న చిన్న తేడాలుంటాయి, వాటిలో కొన్ని తర్వాతి తరానికి వెళ్తాయి. ఏ తేడా వల్ల ఆ చోట బతికి ఎక్కువ మంది పిల్లల్ని కనగలిగితే ఆ తేడా తరతరానికీ పెరుగుతుంది. ఇదే సహజ వరణం. లక్షల తరాలు ఇలా జరిగితే మొదటి జీవికీ చివరి జీవికీ పోలికే దొరకదు. చార్లెస్ డార్విన్, ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఇద్దరూ విడివిడిగా ఈ ఆలోచనకి వచ్చారు, 1858లో లండన్‌లో ఇద్దరి వ్యాసాలూ కలిపే చదివారు, డార్విన్ పుస్తకం మరుసటి ఏడాది 1859 నవంబర్‌లో వచ్చింది.

ఇది జస్ట్ థియరీనే కదా, ప్రూవ్ అవ్వలేదు కదా సార్?

ఒక సిద్ధాంతం నిలబడుతుందో లేదో తెలియాలంటే అది ముందుగా ఏదైనా చెప్పాలి, మనం వెళ్ళి చూస్తే అది అక్కడ ఉండాలి. చేపల నుంచి నాలుగు కాళ్ళ జీవులు వచ్చాయంటే మధ్యలో రెండు లక్షణాలూ ఉన్న జీవి ఉండి ఉండాలి, అది సుమారు 37, 38 కోట్ల ఏళ్ళనాటి రాళ్ళలో, అదీ నదులు పారిన చోట ఏర్పడిన రాళ్ళలో దొరకాలి. నీల్ షుబిన్, ఆయన తోటి శాస్త్రవేత్తలు అలాంటి రాళ్ళు ఎక్కడున్నాయో మ్యాపుల్లో వెతికి కెనడా ఉత్తరాన మంచు దీవి ఎల్స్‌మియర్‌కి వెళ్ళారు, ఏళ్ళ తరబడి తవ్వారు, 2004లో టిక్టాలిక్ అనే జీవి శిలాజం దొరికింది. ఒంటి మీద చేప పొలుసులు, కానీ తల తిప్పడానికి మెడ, రెక్క లోపల మన ముంజేతి ఎముకల్లాంటివి. ఎక్కడ వెతకాలో ముందే చెప్పి అక్కడే పట్టుకోగలిగిన సిద్ధాంతాన్ని ఊహ అని కొట్టిపారెయ్యడం న్యాయం కాదు.

కళ్ళ ముందు పరిణామం జరగడం ఎవరైనా చూశారా?

2018 జనవరిలో అప్పటి కేంద్ర సహాయ మంత్రి సత్యపాల్ సింగ్ ఇలాంటి మాటే అన్నారు, కోతి మనిషవడం ఎవరూ చూడలేదు కాబట్టి డార్విన్ తప్పని. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలూ కలిసి ఆ మాటని ఖండించాయి. కానీ ప్రశ్న మాత్రం న్యాయమైనదే, దానికి జవాబు మన పత్తి చేలల్లోనే ఉంది.

బీటీ పత్తికి 2002లో పర్మిషన్ వచ్చింది. మొక్కలోనే పురుగుని చంపే ప్రోటీన్ తయారవుతుంది కాబట్టి మొదట్లో కాయ తొలిచే పురుగులు బాగా తగ్గాయి. కానీ లక్షల పురుగుల్లో ఒకటో రెండో ఆ ప్రోటీన్‌ని తట్టుకునేవి ఉంటాయి, మిగతావన్నీ చచ్చిపోతే ఆ ఒకటీ రెండే పిల్లల్ని పెడతాయి. 2010 కల్లా గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి రకం బీటీకి లొంగడం లేదని ఒప్పుకోవాల్సి వచ్చింది, తర్వాత రెండు జన్యువుల రకం కూడా దాని ముందు ఓడిపోయింది, మన దగ్గర కాయ పగలగొట్టి చూస్తే లోపల గులాబీ రంగు పురుగు కనపడి తల పట్టుకున్న రైతులు ఎంతమందో.

ఇలా అవుతుందని సైంటిస్టులు ముందే ఊహించారు, అందుకే 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనాల చిన్న ప్యాకెట్ కూడా ఇచ్చేవాళ్ళు, చేను చుట్టూ వేయమని. అక్కడ మామూలు పురుగులు బతికుండి, తట్టుకునే పురుగులతో జత కడితే ఆ లక్షణం పలచబడుతుందని లెక్క. చాలామంది ఆ చిన్న ప్యాకెట్ గట్టు మీద పడేశారు, ఎందుకు ఇచ్చారో సరిగ్గా చెప్పినవాళ్ళూ తక్కువే. ఆ చిన్న ప్యాకెట్ పూర్తిగా పరిణామ సిద్ధాంతం మీద ఆధారపడి ఇచ్చింది. దీన్ని అర్థం చేసుకోకపోవడం వల్ల రైతుకి నష్టం వచ్చింది, అందుకే ఇది ఉత్తుత్తి చర్చ కాదంటాను.

పురుగు పురుగుగానే ఉంది కదా, ఒక జంతువు పూర్తిగా వేరే జంతువు అయిన ఆధారం ఏది?

తిమింగలాన్ని తీసుకోండి. నీళ్ళలో ఉంటుంది కానీ ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లకి పాలిస్తుంది. నేల మీది జంతువు నుంచే వచ్చి ఉండాలని చాలాకాలంగా అనుకునేవాళ్ళు, ఏ జంతువు అన్నది తేలలేదు.

ఎ. రంగారావు అనే మన దేశ భూగర్భ శాస్త్రవేత్త జమ్మూకాశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర రాళ్ళు సేకరించారు, వాటిలో కొన్ని పళ్ళు, దవడ ముక్క దొరికాయి. ఆయన పోయేనాటికి ఇంకా పగలగొట్టని రాళ్ళు చాలా మిగిలిపోయాయి. ఆయన భార్య వాటిని అమెరికాలో పనిచేసే థెవిసెన్ అనే శాస్త్రవేత్తకి ఇచ్చారు. అక్కడ ల్యాబ్‌లో ఒక పుర్రెని శుభ్రం చేస్తుంటే చెవి దగ్గర ఎముక పొరపాటున విరిగింది. విరిగిన చోట చూస్తే లోపలి గోడ మందంగా ఉంది, అలాంటి చెవి ఎముక తిమింగలాల జాతికి తప్ప ఇంకే జంతువుకీ కనపడదు. కానీ ఇది పిల్లి సైజులో, సన్న కాళ్ళతో, చూడ్డానికి మూషిక జింకలా ఉండే జంతువు! పేరు ఇండోహ్యూస్, వయసు సుమారు 4.8 కోట్ల ఏళ్ళు, 2007లో ప్రకటించారు. కాళ్ళ ఎముకలు కూడా బరువుగా, నీళ్ళలో నడిచే జంతువులకి ఉన్నట్టు ఉన్నాయి.

దీని తర్వాత వరసలో పాకిస్తాన్‌లో దొరికిన పాకిసిటస్, ఆంబులోసిటస్, మన కచ్‌లో దొరికిన కచ్చిసిటస్ ఉన్నాయి, ఇంకా తర్వాతి కాలానిది బాసిలోసారస్, అది పూర్తిగా సముద్ర జీవే కానీ ఒంటికి ఇంకా చిన్న వెనక కాళ్ళు వేలాడుతుంటాయి. ఇవన్నీ ఒకదానికొకటి నేరుగా తాతామనవలని ఎవరూ చెప్పట్లేదు, దారి ఎటు వెళ్ళిందో చూపిస్తాయి. కాలాకోట్ రాళ్ళు అన్నేళ్ళు ఎవరూ తెరవకుండా ఉండిపోయాయన్న సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

## ఆధారాలు గట్టిగా అడిగేవాళ్ళకి

ఫాసిల్స్ (శిలాజాలు) సంగతి వదిలెయ్యండి, డీఎన్ఏ ఏం చెప్తుంది?

రెండు విషయాలు చెప్తా. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్‌లకి 24 జతల క్రోమోజోములు, మనకి 23. ఉమ్మడి పూర్వీకుడు నిజమైతే ఆ ఒక్క జత ఎక్కడికి పోయిందో తేలాలి. మన రెండో క్రోమోజోమ్ చూస్తే, వాళ్ళ రెండు క్రోమోజోములు చివరలు కలిసి అతుక్కున్నట్టు ఉంది, మామూలుగా చివరల్లో ఉండాల్సిన డీఎన్ఏ వరస మనకి మధ్యలో ఉంది, క్రోమోజోమ్‌కి నడుము లాంటి సెంట్రోమియర్ ఒకటే ఉండాలి, మనకి అక్కడ పనిచెయ్యని రెండో సెంట్రోమియర్ గుర్తు కూడా ఉంది.

రెండోది విటమిన్ సి. కుక్క, ఆవు, మేక తమ ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. మనం ఉసిరికాయో జామకాయో నిమ్మకాయో తినాలి. దాన్ని తయారుచేసే జన్యువు మనకి లేకపోలేదు, ఉంది, కానీ చెడిపోయి ఉంది. కోతులకీ చింపాంజీలకీ కూడా అదే జన్యువు చెడిపోయింది, చాలావరకు అవే చోట్ల. గినీ పిగ్‌కి కూడా చెడిపోయింది కానీ దానికి వేరే రకంగా చెడింది. మంచి డిజైన్ అయితే ఒకే డిజైనర్ రెండుసార్లు వాడాడని అనుకోవచ్చు, కానీ ఒకే చోట చెడిపోయిన జన్యువు కనపడితే వారసత్వం అనే అనుకోవాలి.

కన్ను లాంటి అవయవం దానంతట అదే ఎలా వస్తుంది? సగం కన్నుతో ఏం లాభం?

సగం కన్ను చాలా పనికొస్తుంది. కొన్ని చిన్న జీవులకి వెలుతురూ చీకటీ తెలిసే మచ్చ మాత్రమే ఉంటుంది, దాంతో నీడలోకి వెళ్ళి దాక్కుంటాయి. ఆ మచ్చ కాస్త గుంటలా ఉంటే వెలుతురు ఎటు నుంచి వస్తోందో తెలుస్తుంది, నాటిలస్ అనే సముద్ర జీవికి గుంట మూతి బాగా సన్నబడి లెన్స్ లేకుండానే బొమ్మ పడుతుంది, ఆక్టోపస్‌కి లెన్స్ ఉంది. ఈ మెట్లన్నీ ఇప్పుడు బతికున్న జీవుల్లోనే కనపడతాయి. కన్ను పరిణామంతో రావడం అసంభవంగా అనిపిస్తుందని డార్వినే ఒప్పుకున్నాడంటూ ఒక ముక్క తిరుగుతూ ఉంటుంది, ఆ వాక్యం వెంటనే ఆయన అది ఎలా సాధ్యమో కూడా వివరించాడు, ఆ భాగం కోసేసి పంపిస్తారు.

ఇంకో మాట, మన రెటీనాలో, అంటే కంటి లోపలి తెరలో, నరాలు ముందు వైపు ఉంటాయి, అవి బయటికి వెళ్ళే చోట మనకి ఏమీ కనపడదు. ఆక్టోపస్‌కి నరాలు వెనక నుంచి వెళ్తాయి కాబట్టి ఆ ఇబ్బందే లేదు.

అంతా యాదృచ్ఛికంగా జరిగిందంటే ఎలా నమ్మాలి?

అంతా యాదృచ్ఛికం అని సైన్స్ చెప్పదు. డీఎన్ఏలో మార్పు ఎక్కడ వస్తుందన్నది యాదృచ్ఛికం, ఆ మార్పు నిలుస్తుందా పోతుందా అన్నది కాదు, అది బతకడం, పిల్లల్ని కనడం మీద ఆధారపడి ఉంటుంది. అమెరికాలో రిచర్డ్ లెన్‌స్కీ 1988లో ఒకే బాక్టీరియాతో 12 సీసాలు మొదలుపెట్టారు. 30 వేల తరాలు దాటాక ఒక్క సీసాలోవి మాత్రం ఆక్సిజన్ ఉన్నప్పుడు సిట్రేట్ అనే పదార్థాన్ని తినడం నేర్చాయి, అంతకుముందు అవి చెయ్యలేని పని. 12 సీసాల్లోనూ బాక్టీరియా వేగంగా పెరగడం మాత్రం నేర్చుకున్నాయి.

మొట్టమొదటి జీవి ఎలా వచ్చింది? దీనికైతే సైన్స్ దగ్గర జవాబు లేదు కదా?

పూర్తి జవాబు లేదు, నిజమే. 1953లో మిల్లర్, యూరీ అనే శాస్త్రవేత్తలు ఒక గాజు పాత్రలో వాయువులకి కరెంటు మెరుపులు ఇస్తే ప్రోటీన్లకి ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు వచ్చాయి, అక్కడి నుంచి చాలా పని జరిగింది, కానీ జీవం ఎలా మొదలైందన్నది ఇంకా తేలలేదు. అయితే పరిణామం చెప్పేది జీవం మొదలయ్యాక ఏం జరిగిందన్నది. మొదటి కణాన్ని దేవుడే చేశాడని మీరు నమ్మినా ఆ తర్వాతి కథకి ఆధారాలు మారవు. ఒక్క మాట మాత్రం విశ్వాసులకి ప్రేమగానే చెప్తాను, సైన్స్‌కి తెలియని చోటే దేవుణ్ణి పెడితే రేపు ఆ జవాబు దొరికినప్పుడు మీ నమ్మకానికే ఇబ్బంది.

కార్బన్ డేటింగ్ తప్పు అని వీడియోలో చూశాను, మరి భూమి వయసు ఎలా నమ్మాలి?

భూమి వయసు కార్బన్‌తో కొలవరు. కార్బన్ 14 సుమారు 50 వేల ఏళ్ళ వరకే పనికొస్తుంది, అదీ ఒకప్పుడు బతికున్న వాటికి. రాళ్ళకి యురేనియం సీసంగా (లెడ్) మారే వేగం చూస్తారు. 1956లో క్లెయిర్ పాటర్సన్ ఉల్కల్లోని సీసాన్ని కొలిచి 455 కోట్ల ఏళ్ళని తేల్చాడు, ఇప్పటి లెక్క 454 కోట్లు, ఇన్నేళ్ళలో దాదాపు మారలేదు.

## నమ్మకం వైపు నుంచి వచ్చేవి

పరిణామం ఒప్పుకుంటే దేవుణ్ణి వదిలెయ్యాలా?

అక్కర్లేదు. ఇది నా ఒక్కడి మాట కాదు. పరిణామం వెలుగులో చూడకపోతే బయాలజీలో దేనికీ అర్థం లేదని 1973లో రాసిన జన్యుశాస్త్రవేత్త డోబ్‌జాన్‌స్కీ తనని తాను విశ్వాసిగా చెప్పుకున్నవాడు. మనిషి డీఎన్ఏని చదివిన మానవ జీనోమ్ ప్రాజెక్టుని నడిపించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ క్రైస్తవ విశ్వాసి, పరిణామాన్ని పూర్తిగా ఒప్పుకుంటారు. పోప్ జాన్ పాల్ రెండు 1996లో పరిణామం కేవలం ఊహ కంటే ఎక్కువ అని ప్రకటించారు. దేవుణ్ణి నమ్మని శాస్త్రవేత్తలూ బోలెడంత మంది ఉన్నారు. ల్యాబ్‌లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అవే జన్యువుల్ని చదువుతారు, అవే ఫలితాలు వస్తాయి. అసలు ఏమీ లేకపోవడానికి బదులు ఏదో ఒకటి ఎందుకు ఉంది, నా బతుక్కి అర్థం ఏంటి, ఈ ప్రశ్నలు మైక్రోస్కోపు కింద పెట్టేవి కావు.

డార్విన్ నాస్తికుడు కదా? చనిపోయే ముందు తప్పు ఒప్పుకుని బైబిల్ చదివాడంటారు, నిజమేనా?

నిజం కాదు. లేడీ హోప్ అనే ఆవిడ చెప్పిన కథ 1915లో అమెరికాలో ఒక పత్రికలో వచ్చింది, అంటే ఆయన పోయిన 33 ఏళ్ళకి. ఆ చివరి రోజుల్లో పక్కనే ఉన్న కూతురు హెన్రియెటా 1922లో అది అబద్ధమని రాసింది. అలాగని ఆయన్ని నాస్తికుడని చెప్పడమూ సరి కాదు. కేంబ్రిడ్జిలో చదివింది చర్చి ఫాదర్ అవ్వాలనే, తర్వాత కొద్దికొద్దిగా విశ్వాసం సన్నగిల్లింది, 1851లో పదేళ్ళ కూతురు ఆనీ జబ్బు చేసి పోవడం ఆయన్ని బాగా కుంగదీసింది. దేవుడు లేడని తాను ఎప్పుడూ అనలేదని, తెలియదని అనడమే తనకి సరిపోతుందని 1879లో ఒక ఉత్తరంలో రాశాడు.

ఆదికాండంలో ఆరు రోజుల్లో సృష్టి అని స్పష్టంగా ఉంది, మరి మేం ఏం చెయ్యాలి?

ఆరు రోజుల్ని 24 గంటల రోజులుగానే చదవాలా అన్న చర్చ డార్విన్‌తో మొదలైంది కాదు. తొలినాటి క్రైస్తవ పండితుడు అగస్టీన్ పదిహేను వందల ఏళ్ళకి పైగా కిందటే ఆ రోజులు మామూలు రోజులు కాకపోవచ్చని రాశాడు. సూర్యుడు నాలుగో రోజు వస్తాడు కదా, అంతకుముందు రోజుల సంగతేంటని ఆయనా ఆలోచించాడు. ఆకాశం గురించి, భూమి గురించి లోకానికి తెలిసిన విషయాల్లో విశ్వాసులు లేఖనాల పేరుతో తప్పుగా మాట్లాడితే, విన్నవాళ్ళు మిగతా లేఖనాన్ని కూడా నమ్మరని హెచ్చరించాడు కూడా. భూమి వయసు ఆరు వేల ఏళ్ళన్నది బైబిల్లో అంకెగా లేదు, వంశావళులు కూడి క్రీ.పూ. 4004 అని లెక్క తేల్చింది 17వ శతాబ్దపు ఆర్చిబిషప్ అషర్. కొన్ని సంఘాలు అక్షరార్థమే అంటాయి, అది వాళ్ళ విశ్వాసం, గౌరవిస్తాను. కానీ రాళ్ళు మాత్రం ఆరు వేల ఏళ్ళని చెప్పట్లేదు.

దశావతారాలు పరిణామాన్ని ముందే చెప్పాయి కదా? చేప, తాబేలు, పంది, నరసింహం, వామనుడు...

ఈ వరస చూస్తే ఎవరికైనా ఆశ్చర్యంగానే ఉంటుంది. ఇండియాకి వచ్చి స్థిరపడిన ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త హాల్డేన్ కూడా దీన్ని ప్రస్తావించారు. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలరే డార్విన్ కంటే దశావతారాలు మెరుగైన సిద్ధాంతమని చెప్పడంతో పెద్ద రచ్చ అయింది.

నా మాట ఇది. పరిణామంలో ప్రాణం ఏంటంటే ఒకదాని సంతానం ఇంకోటి అవ్వడం. కూర్మం నుంచి వరాహం పుట్టలేదు, ప్రతిసారీ దిగి వచ్చింది ఆ విష్ణువే, ధర్మాన్ని నిలబెట్టడానికి. నరసింహుడు వచ్చింది ప్రహ్లాదుడి కోసం. ఆ కథని తీసుకొచ్చి బయాలజీ చార్టుగా మారిస్తే భక్తికీ నష్టమే, సైన్స్‌కీ నష్టమే. పైగా పరిణామం ఒకే వరసలో మెట్లెక్కడం కాదు, వేల కొమ్మలుగా చీలడం. ఆ వరసలో గబ్బిలాలకీ మామిడిచెట్టుకీ బాక్టీరియాకీ చోటు లేదు.

బ్రహ్మ పగలు 432 కోట్ల ఏళ్ళు, భూమి వయసు 454 కోట్లు. ఇది మ్యాచ్ అవ్వలేదా?

అంకెలు దగ్గరగా ఉన్నాయి, కానీ అవి కొలుస్తున్నవి వేరు. పూజలో సంకల్పం చెప్పేటప్పుడు వింటుంటాం కదా, శ్వేతవరాహ కల్పే వైవస్వత మన్వంతరే అని. అంటే ఇప్పుడు నడుస్తున్న కల్పంలో మనం ఏడో మన్వంతరంలో ఉన్నాం, ఆ లెక్కన కల్పం మొదలై సుమారు 197 కోట్ల ఏళ్ళు, 432 కోట్లు పూర్తి అవ్వడానికి ఇంకా చాలా ఉంది. సంప్రదాయాన్నే సరిగ్గా చదివితే భూమి వయసుతో పోలిక కుదరదు. అంత పెద్ద కాలాన్ని ఊహించగలిగిన మన పెద్దవాళ్ళ మనసు గొప్పదే, దానికి రాళ్ళ వయసు కొలిచే రేడియోమెట్రిక్ డేటింగ్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఋగ్వేదంలో నాసదీయ సూక్తం అయితే సృష్టి ఎలా జరిగిందో పైనున్న అధ్యక్షుడికి తెలుసో, ఆయనకీ తెలియదో అని ప్రశ్నతోనే ముగుస్తుంది.

ముస్లింలు పరిణామాన్ని ఒప్పుకుంటారా?

ఒకే మాట మీద లేరు. ఖురాన్‌లో భూమి వయసు ఇన్ని వేల ఏళ్ళని లెక్క లేదు కాబట్టి ఆ గొడవ తక్కువ, ఎక్కువ చర్చ ఆదం గురించి జరుగుతుంది. జంతువుల వరకు ఒప్పుకుని మనిషి దగ్గర ఆగేవాళ్ళున్నారు, పూర్తిగా ఒప్పుకునేవాళ్ళున్నారు, అస్సలు కాదనేవాళ్ళున్నారు. టర్కీ 2017లో హైస్కూల్ సిలబస్ నుంచి పరిణామాన్ని తీసేసింది.

ఇంటెలిజెంట్ డిజైన్ అనేది సైన్సే కదా, అందులో దేవుడి పేరు కూడా లేదు?

జీవులు ఇంత క్లిష్టంగా ఉన్నాయంటే ఎవరో తెలివైనవాడు డిజైన్ చేసే ఉండాలన్న వాదనే ఇంటెలిజెంట్ డిజైన్. అది సైన్సా కాదా అన్నది కోర్టులోనే తేలింది. అమెరికా పెన్సిల్వేనియాలోని డోవర్ అనే ఊళ్ళో స్కూల్ బోర్డు 2004లో తొమ్మిదో తరగతి పిల్లలకి పరిణామంలో లోపాలున్నాయని, ఇంటెలిజెంట్ డిజైన్ మీద ఒక పుస్తకం లైబ్రరీలో ఉందని చదివి వినిపించాలని రూల్ పెట్టింది. 11 మంది తల్లిదండ్రులు కేసు వేశారు. ఆ పుస్తకం పాత డ్రాఫ్టులు కోర్టుకి వచ్చాయి, చూస్తే 1987 ముందు డ్రాఫ్టుల్లో సృష్టి అని ఉన్న చోటల్లా తర్వాతి డ్రాఫ్టుల్లో డిజైన్ అని మార్చారు. 1987లో ఏం జరిగిందంటే స్కూళ్ళలో సృష్టివాదం చెప్పడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. బాక్టీరియా తోకలో ఒక్క భాగం తీసేసినా పనిచెయ్యదు కాబట్టి అది డిజైనే అన్న వాదన కూడా అక్కడే విన్నారు, అందులోని ప్రోటీన్లలో కొన్ని వేరే బాక్టీరియాలో విషం ఎక్కించే సూదిగా పనిచేస్తున్నాయని సాక్ష్యం వచ్చింది. 2005 డిసెంబర్ 20న జడ్జి జోన్స్ ఇది సైన్స్ కాదని తీర్పిచ్చారు. ఆయన్ని నియమించింది స్వయంగా క్రైస్తవ విశ్వాసి అయిన అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్, కాబట్టి మతానికి వ్యతిరేకి అని ఆ తీర్పుని పక్కన పెట్టలేం.

మంకీ ట్రయల్ అంటే ఏంటి?

1925 జూలైలో టెనెసీలోని డేటన్‌లో జాన్ స్కోప్స్ అనే టీచర్ మీద, పరిణామం చెప్పాడని నడిచిన కేసు. దోషి అన్నారు, 100 డాలర్లు ఫైన్. 1927లో పై కోర్టు ఫైన్ వేసిన పద్ధతి తప్పని కొట్టేసింది కానీ చట్టం మాత్రం 1967 దాకా బతికే ఉంది.

పరిణామం ఒప్పుకుంటే బలవంతుడిదే రాజ్యం అని ఒప్పుకున్నట్టే కదా?

ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే పరిణామం పేరు చెప్పి జాతుల్ని ఎక్కువ తక్కువ చేసినవాళ్ళు, మనుషుల్ని బలవంతంగా గొడ్రాళ్ళని చేసినవాళ్ళు చరిత్రలో ఉన్నారు. కానీ ప్రకృతిలో నిలవడానికి బలంతో పని లేదు, ఆ చోటికి సరిపోవాలి అంతే. మన ఏజెన్సీ గూడేల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు. ఆ జన్యువు అమ్మ, నాన్న ఇద్దరి నుంచీ వస్తే బిడ్డకి ఒళ్ళంతా నొప్పులు, రక్తహీనత, ఆసుపత్రుల చుట్టూ తిరగడం. ఒక్కరి నుంచే వస్తే తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ. మలేరియా ఎక్కువున్న చోట ఆ జన్యువు అందుకే నిలిచింది. ఇందులో ఎవరు బలవంతుడు, ఎవరు బలహీనుడు? ఏం జరిగిందో చెప్పేది సైన్స్, ఆ బిడ్డని మనం ఎలా చూసుకోవాలన్నది మన చేతిలో ఉంది.

## స్కూలు, ఇల్లు

టెన్త్ పుస్తకంలోంచి పరిణామం తీసేశారంటగా?

ఎన్సీఈఆర్టీ టెన్త్ సైన్స్‌లో వంశపారంపర్యం, పరిణామం అని ఉన్న చాప్టర్ వంశపారంపర్యం మాత్రమే అయింది. కోవిడ్ టైంలో భారం తగ్గించడానికని మొదలైంది, 2023లో అలాగే ఖాయం చేశారు. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతి బయాలజీలో ఉంది కదా అంటారు. ఉంది, కానీ టెన్త్ తర్వాత ఎంపీసీకి, కామర్స్‌కి వెళ్ళే పిల్లలకి అది ఇక జీవితంలో ఎప్పుడూ తగలదు, మన దగ్గర ఎంపీసీకి వెళ్ళేవాళ్ళు ఎంతమందో మీకు తెలిసిందే. ఈ నిర్ణయం తప్పని గట్టిగా నమ్ముతాను.

రెండూ పక్కపక్కన చెప్పి పిల్లల్నే తేల్చుకోమనొచ్చు కదా?

సైన్స్ క్లాసులో పరీక్షకి నిలబడినవి చెప్పాలి. సృష్టి కథలు చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు, తెలుగు క్లాసులో, చరిత్రలో, ఇంట్లో, గుడిలో, చర్చిలో హాయిగా చెప్పండి. కానీ సైన్స్ పీరియడ్‌లో చెప్పాలంటే ఎవరి సృష్టి కథ చెప్పాలి? హిందువులదా, క్రైస్తవులదా, ముస్లింలదా, గోండులదా? ఒక్కటి ఎంచుకోగానే మిగతా పిల్లలకి అన్యాయం జరిగినట్టే.

నా నమ్మకం ఒప్పుకోదు సార్, ఎగ్జామ్‌లో ఏం రాయాలి?

పాఠంలో ఉన్నది రాయి అమ్మా. సిద్ధాంతం ఏం చెప్తుందో, ఆధారాలు ఏంటో రాయమని అడుగుతున్నారు, నీ నమ్మకం మార్చుకోమని ఎవరూ అడగట్లేదు. నీట్‌కి వెళ్ళేవాళ్ళకి ఇది మార్కుల చాప్టర్ కూడా.

ఇంట్లో పెద్దవాళ్ళతో దీని మీద వాదన అయితే ఎలా?

తాతగారి ముందు మీ దేవుడు అబద్ధం అని మొదలుపెడితే ఆయన మీ మాట ఒక్కటి కూడా వినరు, ఆ మాటకి సైన్స్ ఆధారమూ లేదు. చెప్పాలనుకుంటే గులాబీ రంగు పురుగు గురించి, మందులకి లొంగని టీబీ గురించి చెప్పండి, ఆయనకి తెలిసిన లోకం అది. పాస్టర్ గారో పూజారి గారో అయితే ముందు వాళ్ళు ఏం నమ్ముతున్నారో పూర్తిగా వినండి, చాలామంది మనం అనుకున్నంత మొండిగా ఉండరు.

మా పాప మనల్ని ఎవరు చేశారు అని అడుగుతోంది, ఆరేళ్ళు. ఏం చెప్పాలి?

మీరు నమ్మేది మీరు చెప్పండి. దాంతో పాటు బొద్దింకకి ఆరు కాళ్ళెందుకు, కోడికి పళ్ళెందుకు లేవు అని అడిగినప్పుడు దేవుడు అలా చేశాడు పో అని ఆపెయ్యకండి, కలిసి చూడండి. ఆరేళ్ళకి అది చాలు.

ఇవన్నీ పుస్తకాల్లోనేనా, మన దగ్గర చూడ్డానికి ఏమైనా ఉందా?

ఉంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో డైనోసార్ అస్థిపంజరం నిలబెట్టారు, కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, గోదావరి లోయలో జురాసిక్ కాలపు రాళ్ళలోంచి జియలాజికల్ సర్వే వాళ్ళు తీసిన ఎముకలు, 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టారు, ఊరి పేరే పెట్టారు. పొడవు సుమారు 44 అడుగులు. పిల్లల్ని తీసుకెళ్తే కాళ్ళ ఎముకల దగ్గర ఆగి చూడమనండి, పైన ఒక్క ఎముక, కింద రెండు, తర్వాత చిన్న ఎముకలు, చివర వేళ్ళు. తర్వాత వాళ్ళ చెయ్యి వాళ్ళనే తడుముకుని లెక్కపెట్టమనండి. బిర్లా మందిర్ పక్క కొండ మీదే, దర్శనం చేసుకుని నడిచి వెళ్ళొచ్చు.